గాజు గొట్టంలో ఒకటి, ఒంట్లో ఒకటి

కిందటి భాగంలో ల్యాబు మేడమ్‌ని బైండింగు షాపు గుమ్మంలో నిలబెట్టి వారమైంది. పాపం, ఆవిడ ఇంకా చెప్పులు కూడా విప్పలేదు. లోపలికి రానిద్దాం.

లోపల ఎవరెవరున్నారో మరిచిపోయిన వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. కుట్టు బల్ల ముందు కూర్చున్నది ముసలావిడ. షాపు ఆవిడది, నోరు కూడా ఆవిడదే. కటింగ్ మిషన్ దగ్గర ఆవిడ చిన్న కొడుకు. ఇంట్లో చిన్నోడంటారు, మనమూ అలాగే అందాం. కింద చాప మీద అచ్చు కాగితాలు ఫారాలుగా మడతపెడుతున్నది వాడి భార్య, ఈ ఇంటి చిన్నకోడలు. అయిదు వారాల కిందట ఎడమ కాలు దిండులా వాచి ఆసుపత్రిలో పడింది ఈ అమ్మాయే. పిక్కలో రక్తం గడ్డకట్టిందన్నారు. పది రోజులు ఉంచుకుని, రక్తం పల్చబడే మాత్ర రాసిచ్చి పంపారు. ఒక్క రోజు మానినా గడ్డ పెరగొచ్చు, ముక్క తెగి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు అని మరీ మరీ చెప్పారు.

ఆ మాత్ర మానాలా, వద్దా? ఇవాళ్టి పంచాయితీ అదే.

పంచాయితీ పెట్టినవాడు పెద్ద కొడుకు. వీధిలో ఆయన్ని అరడాక్టరంటారు. ఎదురుగా కాదు. ఇరవై ఏళ్ళుగా మందుల షాపులో చీటీలు చదువుతున్నాడు. చదివి చదివి, రాసింది కూడా తనేనని నమ్మకం కుదిరింది. ఉత్తరాలు మోసే పోస్టుమాన్‌కి ఇంత ధీమా ఉండదు. ఆయన భార్య పుట్టింట్లో ఎక్కువ, ఇక్కడ తక్కువ. కారణం ఎవర్నీ అడగక్కర్లేదు. ఆయన పక్కన ఒక్క పూట కూర్చుంటే చాలు.

మేడమ్ చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. యాభై దాటిన మనిషి. భుజానికి రెగ్జిన్ సంచి. చేతివేళ్ళ చివర్లు మందునీళ్ళకి తెల్లగా పాలిపోయి ఉంటాయి.

"రెండు పనుల మీద వచ్చాను పెద్దమ్మగారూ. మా రిజిస్టర్లు అయ్యాయేమో చూద్దామని ఒకటి. రెండోది, మీ కోడలు మూడు వారాలుగా పరీక్షకి రావట్లేదు. ఎందుకని?"

"ఏం పరీక్ష?" అంది ముసలావిడ సూది ఆపకుండా.

"వారం వారం రావాలి కదండీ. రక్తం ఎంత పల్చబడిందో చూసి, మాత్ర పెంచాలో తగ్గించాలో చెప్తారు డాక్టరుగారు."

చిన్నకోడలు తల ఎత్తింది. "అక్కర్లేదన్నారు కదా మేడమ్. ఆసుపత్రి వాళ్ళే వద్దన్నారని బావగారు చెప్పారు."

మేడమ్ అరడాక్టరు వైపు తిరిగింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. గొంతు సవరించుకోవడం ఆయన వైద్యంలో మొదటి మెట్టు.

"కూర్చోండి మేడమ్. సమయానికి వచ్చారు. మీరు కూడా వింటే మంచిది."

కుర్చీ ఒకటే ఉంది. అందులో ఆయనే కూర్చున్నాడు. మేడమ్ అట్టల కట్ట మీద కూర్చుంది.

ఆయన తోలు సంచిలోంచి ఒక కాగితం తీశాడు. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చాడు. దగ్గరి అక్షరాలు ఆయనకి కళ్ళజోడు లేకుండానే కనిపిస్తాయి. జార్చడం చూసేవాళ్ళ కోసం.

"రక్తం గడ్డకట్టే టైము. మంచి మనిషికి ముప్ఫై అయిదు సెకన్లు. ఈవిడకి ఎంతో తెలుసా? డెబ్భై ఒకటి! మీ ల్యాబు కాగితమే. సంతకం మీదే. అంటే ఏంటి? ఈవిడ రక్తం గడ్డ కట్టడం లేదు. అసలే గడ్డకట్టని రక్తం, దాన్ని ఇంకా పల్చబరిస్తే ఏమవుతుంది? ఒక్క గీత పడితే చాలు, ఉన్న రక్తమంతా కారిపోతుంది. ఇది చిన్నపిల్లాడినడిగినా చెప్తాడు."

"చిన్నపిల్లాడు చెప్పేదే మీరూ చెప్తున్నారు" అంది మేడమ్.

చిన్నోడికి నవ్వొచ్చింది. అన్నగారు చూసేసరికి దాన్ని దగ్గు కింద మార్చుకున్నాడు.

"ఎగతాళి కాదు మేడమ్. కాగితం అబద్ధం చెప్తుందా?"

"చెప్పదు. కానీ అది అడిగినదానికే జవాబు చెప్తుంది. ఆ రక్తం నేనే తీశాను, మందు మొదలెట్టకముందు. గొట్టంలో ఎంతకీ గడ్డ కట్టకపోతే నాకూ మీ అనుమానమే వచ్చింది. కాలు చూస్తే గడ్డలు, గొట్టం చూస్తే నీళ్ళు. ఇదేం విడ్డూరం అనుకున్నాను. తేడా ఏంటంటే, నేను అక్కడ ఆగలేదు."

"మరేం చేశారేంటి?"

"రక్తం ఆలస్యంగా గడ్డకడితే కారణాలు రెండు. అందులో ఉండాల్సిందేదో లేకపోవాలి. లేదా ఉండకూడనిదేదో అడ్డం పడాలి. అది తేల్చడానికి మంచి రక్తంతో సగం సగం కలుపుతాం. లేనిదైతే మంచి రక్తం పూడుస్తుంది, టైము సరిపోతుంది. అడ్డమైతే మంచి రక్తానికి కూడా అదే గతి పడుతుంది. మీ మరదలిది కలిపితే మంచి రక్తం కూడా నత్తనడక నడిచింది. అంటే ఏదో అడ్డుంది. ఇంకోసారి కలిపి చూసి రూఢి చేసుకోమన్నారు డాక్టరుగారు. కలపడానికి మేం పెట్టుకున్నది నిండుకుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఎవరైనా ఇస్తే చాలు." మేడమ్ సంచిలోంచి సూది, రెండు గొట్టాలు తీసి అట్ట మీద పెట్టింది. "మీరు మందుల మధ్య మనిషి. భయం లేనివారు. చెయ్యి చాపండి. అయిదు మిల్లీలు."

అరడాక్టరు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. నిప్పు మీద పడ్డట్టు లాక్కున్నాడు.

"నాదా? దీని రక్తంలో కలపడానికా? ఛీ!"

మాట చిన్నదే. కానీ వచ్చిన చోటు లోతైనది. ముసలావిడ సూది ఆగింది. చిన్నోడు మిషన్ చక్రం మీంచి చెయ్యి తీశాడు.

"ఛీ ఏంటన్నయ్యా?"

"నీకు తెలీదులేరా."

"తెలీకపోతే చెప్పు."

"చెప్పకుండా ఉండటం వల్లే ఈ ఇంటి పరువు ఇన్నాళ్ళు నిలబడింది. నన్ను అడక్కు."

అడక్కు అంటూనే ఆయన చెయ్యి తోలు సంచిలోకి వెళ్ళింది. ఎవరైనా అడగాలనే కోరిక. ఇలాంటివాళ్ళు రహస్యాన్ని మోస్తారు గాని దాచరు. ఎప్పుడు దింపుదామా అని చోటు వెతుక్కుంటూ ఉంటారు.

రెండో కాగితం అంచు కనిపించగానే మేడమ్ లేచి నిలబడింది. "అది లోపల పెట్టండి. అది ఆ అమ్మాయి కాగితం. నలుగురిలో చదివేది కాదు."

"ఉండండి మేడమ్" అంది చిన్నకోడలు. మడత మీద పెట్టిన చెయ్యి అలాగే ఉంది. "చదవనివ్వండి. మూడు వారాలుగా ఆయన నన్ను చూసే చూపులో ఏముందో నాకూ తెలియాలి. ముందు ఆయన చెప్పనీ. తర్వాత మీరు చెప్దురుగాని."

అరడాక్టరు కళ్ళజోడు మళ్ళీ జార్చాడు.

"సిఫిలిస్. తెలుగులో సుఖరోగం. పాజిటివ్. స్టాంపు వేసి మరీ ఇచ్చారు." కాగితాన్ని రెండు వేళ్ళతో తోక పట్టుకున్న బల్లిలా అందరి వైపూ తిప్పాడు. "అందుకే ఈ రక్తం ఇలా తగలడింది. ఆ మాత్రా వద్దు, ఈ గొడవా వద్దు. రక్తమే మురుగైతే మాత్ర ఏం చేస్తుందిరా?"



"ఓహో" అంది చిన్నకోడలు. "అందుకా నా గ్లాసు కిటికీలో పెట్టించారు. అందుకా నేను కూర్చున్న కుర్చీ మీరు గుడ్డతో తుడుస్తున్నారు. అత్తయ్యా, మీక్కూడా తెలుసా?"

"నాకు గజ్జి అని చెప్పాడు" అంది ముసలావిడ. "అంటుతుందన్నాడు."

"గజ్జి ఎక్కడుందో ఒక్కసారి చూపించమని అడిగారా?"

ముసలావిడ ఆపిన సూది మళ్ళీ అందుకుంది. 

చిన్నకోడలు మొగుడి వైపు చూసింది. వాడు మిషన్ కత్తి వైపు చూస్తున్నాడు. పెళ్ళాం కళ్ళలోకి చూడటానికి కొంచెం సేపు పట్టింది. మహా అయితే నాలుగు గుక్కల సేపు. కానీ ఆ అమ్మాయి లెక్కపెట్టింది.

"ఏమండీ, చూపు తిప్పడానికి ఇంత సేపా? మీ రక్తం కూడా డెబ్భై ఒక్క సెకన్లేనా?"

వాడి మొహం కందగడ్డయింది. "నేనేమీ అనలేదు కదా."

"అనలేదు. అదే నేనూ అంటున్నది."

మేడమ్ అరడాక్టరు ముందుకి వచ్చి నిలబడింది. "ఇది ఆ రోగానికి చేసే మొదటి పరీక్ష. ఈ రెండు కాగితాలతో పాటు అంటించిన కవరొకటి ఇచ్చాను. పెద్ద ల్యాబుకి పంపితే వచ్చిన జవాబు. అదేది?"

"కవరా? నాకే కవరూ ఇవ్వలేదు."

"ఇచ్చాను. రిజిస్టర్లో సంతకం పెట్టి తీసుకున్నారు."

"అయితే ఆ రిజిస్టరు చూపించండి."

ఆయనకి ధైర్యం ఎందుకొచ్చిందంటే, ఆ రిజిస్టరు ఎక్కడుందో ఆయనకి తెలుసు. మొన్న బైండింగుకి వచ్చిన ఎనిమిదింట్లో అదొకటి. పొద్దునే వెన్నుకి జిగురు రాసి, గుడ్డ వేసి, ఇనప ప్రెస్సులో బిగించారు. గుండ్రటి పిడి తిప్పి బిగించాక రేపటిదాకా దాన్ని ముట్టుకోరు. తడి ఆరకుండా విప్పితే అట్ట వంకర పోతుంది, గుడ్డ ముడతలు పడుతుంది, పుస్తకం జన్మలో నిటారుగా నిలబడదు. ఆ షాపు పెట్టినప్పట్నుంచి తడి ప్రెస్సు విప్పిన పాపానికి ఎవరూ ఒడిగట్టలేదు. దాని మీద తగాదాలొచ్చాయి, తిట్లొచ్చాయి, ఒకసారి ఒక పెద్దమనిషి పోలీసుల్ని పిలుస్తానన్నాడు. విప్పలేదు.

"రేపు ఆరనివ్వండి. రేపు చూద్దాం. తొందరేముంది?" అన్నాడు అరడాక్టరు. కాలు మీద కాలు కూడా వేసుకున్నాడు.

చిన్నోడు మిషన్ దగ్గర్నుంచి కదిలాడు. ప్రెస్సు పిడి రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

"ఒరేయ్, తడి" అంది తల్లి.

"తెలుసమ్మా" అని ఎదురు తిప్పాడు.

పై పలక కీచుమంటూ లేచింది. పైనున్న రెండూ తీసి పక్కన పెట్టాడు. మూడోది తెరిచాడు. తడి గుడ్డ సాగి వెన్ను దగ్గర పచ్చిచర్మంలా ముడుచుకుపోయింది. మేడమ్ పేజీలు తిప్పింది, వేలు పెట్టి ఆపింది. తేదీ. పక్కన 'రెండు కాగితాలు, ఒక అంటించిన కవరు'. దాని పక్కన సంతకం. అరడాక్టరు సంతకం దాచడానికి వీల్లేనిది. మూడు చుట్లు, ఒక తోక, తోక కింద రెండు చుక్కలు. డాక్టర్లు అలా గీస్తారని ఎవరో చెబితే సాధన చేశాడు.

ముసలావిడ లేచింది. కొడుకు ఒళ్ళోంచి తోలు సంచి తీసుకుంది. అడగలేదు. చెయ్యి పెట్టి వెతికింది. బిల్లులు, రెండు దువ్వెనలు, నలిగిన రుమాలు, అడుగున ఒక పొడుగాటి కవరు. ఆవిడ దాని మూత మీద బొటనవేలు రాసింది. జిగురుతో జీవితమంతా గడిపిన వేలు అది.

"విప్పలేదు" అంది.

"మొదటిదాంట్లోనే అంతా అర్థమయింది కదమ్మా" అన్నాడు అరడాక్టరు. "పాజిటివ్ అని ఉంటే ఇంకా చదివేదేముంటుంది?"

ఆ మాట విని మేడమ్‌కి కోపం రాలేదు. ఆవిడ మొహంలో వచ్చింది వేరు. అన్నం మెతుకుల్లో రాయి తగిలితే వచ్చేది.

"విప్పు" అంది చిన్నకోడలితో. "నీ పేరు మీదే ఉంది."

ఆ అమ్మాయి మడత నొక్కే చెక్కతో కవరు అంచు కోసింది. లోపల చిన్న చీటీలు రెండు. చదివి, మేడమ్ చేతికిచ్చింది. "నెగటివ్ అంటే లేదనే కదా?"

"లేదనే. ఏనాడూ రాలేదని." మేడమ్ ఆ చీటీ ముసలావిడ వైపు తిప్పింది. "మొదటి పరీక్ష ఆ రోగం క్రిమిని వెతకదు పెద్దమ్మగారూ. ఎద్దు గుండెలోంచి తీసిన ఒక రకం కొవ్వు ఉంటుంది. దాన్ని రక్తపు తేటలో వేస్తాం. తేటలో ఉన్నదేదో ఆ కొవ్వుని పట్టుకుంటుందా లేదా అని చూస్తాం. ఆ రోగం ఉన్నవాళ్ళలో పట్టుకుంటుంది. ఏ రోగం లేనివాళ్ళలో కూడా కొందరికి పట్టుకుంటుంది. అందుకే పాజిటివ్ వస్తే అసలు క్రిమి కోసం రెండోది చేస్తాం. అది వచ్చేదాకా నోరు విప్పం."

"ఎద్దు గుండె కొవ్వా!" అంది ముసలావిడ. "దానికీ మా కోడలి శీలానికీ లంకె పెట్టాడా వీడు?"

"రెండో చీటీలో ఉంది అసలు సంగతి. యాంటీబాడీ. క్రిములొస్తే పట్టుకోడానికి ఒళ్ళు తయారుచేసుకునే సరుకది. ఈ అమ్మాయి ఒంట్లో అది దారితప్పింది. సొంత ఒంట్లో కొవ్వుల్ని, వాటికి అంటుకుని ఉండే ప్రొటీన్లని పట్టుకుంటోంది. మేం గొట్టంలో రక్తం గడ్డకట్టించాలన్నా అలాంటి కొవ్వే వెయ్యాలి. దాని మీదే గడ్డకట్టే పని జరుగుతుంది. ఈ యాంటీబాడీ పోయి దాన్ని ముందే కమ్మేస్తుంది. అందుకని గొట్టంలో ఆలస్యం. ఒంట్లోకి వచ్చేసరికి అదే యాంటీబాడీ రక్తనాళాల లోపలి గోడల్ని రెచ్చగొడుతుంది, గడ్డ కట్టిస్తుంది. గొట్టంలో ఒకటి, ఒంట్లో ఒకటి. రెండు కాగితాల్నీ తప్పుదారి పట్టించింది ఇదొక్కటే."

"ఎందుకలా రెచ్చగొడుతుంది?" అన్నాడు చిన్నోడు.

"కొంత తెలుసు. అంతా తెలీదు. పెద్ద పెద్దవాళ్ళు ఇంకా చూస్తున్నారు."

అరడాక్టరు కుర్చీలో నిటారయ్యాడు. "చూశారా! తెలీదంటోంది! ఆవిడ నోటితోనే అంది! తెలీని రోగానికి మందెలా ఇస్తారమ్మా? నాకు తెలిసిన..."

"నీకు తెలియంది ఒక్కటి చెప్పరా" అంది తల్లి. "ఒక్కటి. వింటాను."

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. ఏమీ దొరకలేదు.

ముసలావిడ మేడమ్ వైపు తిరిగింది. "జిగురు గిన్నెలో ఉన్నంతసేపూ పల్చగా జారుతుంటుంది. అట్ట మీద పడేసరికి బిగుసుకుంటుంది. గిన్నెలో చూసి ఇది అంటుకోదంటే మేం ఏమంటామో తెలుసా? పనికి కొత్త అంటాం. అంతేనా మీరు చెప్పేది?"

"దాదాపు అంతే."

"వీడు ఇరవై ఏళ్ళుగా కొత్త." ఆవిడ చేతికున్న జిగురు కొంగుకి తుడుచుకుని, జాకెట్టు చెయ్యి పైకి తోసి, అట్టల కట్ట ముందు కూర్చుంది. "నా రక్తం తియ్యండి. డెబ్భై దగ్గరకొచ్చినా రోగం ఎరగను. ఎంత కావాలంటే అంత తీసి దాని రక్తంలో కలుపుకోండి. మిగిలితే వీడి మొహాన కొట్టండి."

మేడమ్ నవ్వుకుంటూ రబ్బరు పట్టీ కట్టింది. ఆ ఇంట్లో నవ్వు వినిపించి చాలా కాలమైంది. చిన్నకోడలు మాత్రం నవ్వలేదు. అత్తగారి చేతిలో దూది పెట్టి పట్టుకుంది. ముసలావిడ ఆ చెయ్యి తోసెయ్యలేదు. మన్నించమనీ అనలేదు. ఆవిడకి ఆ మాట పలకడం రాదు.

"నాకు ముందే తెలియాల్సింది" అంది బదులుగా, సూది గుచ్చుకుంటుంటే. "గీత పడితే రక్తమంతా కారిపోతుందన్నాడు వీడు. మొన్న అట్ట అంచు తగిలి దీని బొటనవేలు ఇంత లోతున తెగింది. గుడ్డ పీలిక కోసం లోపలికెళ్ళి వచ్చేసరికి ఆగిపోయింది. నాక్కూడా అంత తొందరగా ఆగదు. కళ్ళతో చూసి కూడా వీడి మాటే నమ్మాను చూడండి."

మేడమ్ చేతిలో గొట్టం సగం నిండింది. ఆవిడ నవ్వు అక్కడే ఆగింది.

"మొన్నంటే ఎప్పుడు?"

"నాలుగు రోజులైంది."

"ఎంతసేపట్లో ఆగింది?"

"చెప్పాను కదా. లోపలికెళ్ళి వచ్చేలోపు."

మేడమ్ సూది తీసి, దూది నొక్కమని ముసలావిడకే వదిలేసింది. చిన్నకోడలి బొటనవేలు వెలుతురులోకి తిప్పి చూసింది. శుభ్రంగా మానిన గీత.

"ఆ మాత్ర వేసుకునేవాళ్ళకి ఇంత తొందరగా ఆగదమ్మా. గీత పడితే చాలాసేపు పట్టుకుని కూర్చోవాలి. నువ్వు మాత్ర మానేశావా?"

"లేదే! రోజూ రాత్రి భోజనమయ్యాక వేసుకుంటున్నాను. ఒక్క పూట కూడా తప్పలేదు."

"చూపించు."

ఆ అమ్మాయి కుట్టు బల్ల సొరుగులోంచి కాగితం పొట్లం తెచ్చింది. "మొదట్లో ఆసుపత్రి వాళ్ళిచ్చిన అట్ట ఉండేది. అయిపోయాక బావగారే షాపునుంచి తెచ్చి వారానికి సరిపడా పొట్లం కట్టిస్తున్నారు. వేరే కంపెనీదన్నారు."

పొట్లంలో తెల్లటి మాత్రలు నాలుగున్నాయి. మేడమ్ ఒకటి తీసి గోటితో నొక్కింది. సుద్దలా పొడి అయింది. నాలుక చివర తాకించుకుని ఉమ్మేసింది.

"సున్నం" అంది. "ఎముకలకి వేసే కాల్షియం మాత్ర."

ఎవరూ అరడాక్టరు వైపు తిరగకముందే ఆయనే లేచి నిలబడ్డాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు కాదు. సన్మానానికి లేచినట్టు.

"అవును, నేనే మార్చాను. నేను చూస్తూ ఊరుకోలేదు. డెబ్భై ఒకటి చూసిన మర్నాడే మార్చాను. ఎవరికీ చెప్పలేదు, పేరు కోరలేదు. ఇవాళ ఈ అమ్మాయి బతికుందంటే అది నా చలవ. పంచాయితీ ఎందుకు పెట్టానంటే, ఎన్నాళ్ళని దొంగచాటుగా ప్రాణాలు కాపాడతాను?"

చిన్నోడు అన్న చొక్కా కాలరు పట్టుకున్నాడు. గట్టిగా ఏమీ పట్టుకోలేదు. ఆ మనిషిలో గట్టిగా పట్టుకోడానికి ఏమీ కనిపించక వదిలేశాడు.

మేడమ్ తడి రిజిస్టరులో సంతకం పక్కనున్న తేదీ మీద వేలు పెట్టి లెక్కపెట్టింది.

"ఇరవై రెండు రోజులు" అంది. గొంతు పెంచలేదు. "ఇరవై రెండు రోజులుగా ఈ అమ్మాయికి మందు లేదు. కూర్చో అమ్మా. కాలు చాపు."

ఎడమ పిక్క నొక్కింది. కుడి పిక్క నొక్కింది. "నొప్పుందా? బిగదీస్తోందా?"

"లేదు మేడమ్. కాళ్ళు బాగానే ఉన్నాయి." చిన్నకోడలు ఒక్క క్షణం ఆగింది. అందరూ తన మొహమే చూస్తున్నారని సిగ్గుపడుతున్నట్టుంది. "పొద్దుటి నుంచి ఇక్కడ పొడుస్తోంది. ఊపిరి లోపలికి తీసుకుంటే." కుడివైపు పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకుంది. "వంగి మడతపెడుతున్నాను కదా, పట్టేసిందనుకున్నాను."

మేడమ్ ఆ చెయ్యి అందుకుని మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టింది. గోడ గడియారం వైపు చూస్తూ పెదవులు కదిపింది. సగంలోనే లెక్క ఆపేసింది.

"సామాను బండి ఉందా?"

"ఉంది. పుస్తకాలు ఎక్కించి ఉన్నాయి" అన్నాడు చిన్నోడు.

"దింపెయ్యండి. ఇప్పుడే."

వాడు బయటికి పరిగెత్తాడు. వీధిలో కట్టలు కట్టలుగా పుస్తకాలు నేల మీద పడుతున్న చప్పుడు. ముసలావిడ కోడలి వీపు వెనక చెయ్యి వేసి నిటారుగా కూర్చోబెట్టింది. కోడలి పెదవుల అంచులు రంగు మారుతున్నాయి. ఆవిడ చూసింది, మేడమ్ కూడా చూసింది. 

"గ్యాసు" అన్నాడు అరడాక్టరు.

చిన్నకోడలు ఆయనకి జవాబు చెబుదామని నోరు తెరిచింది. గాలి చాల్లేదు.